పన్నెండో మనిషి పెట్టిన రాయి

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు. ఈసారి ఏడవకుండా చెప్పు."

మెలితోన్ స్వెట్టర్ చేతితో ముక్కు తుడుచుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. నాలుగేళ్ళుగా టూరిస్టులకి కొల్కా లోయ చూపించడమే వాడి పని. ఇవాళ పొద్దున తొమ్మిది దాకా లోయ మొత్తం మీద వాడంత నవ్వుమొహం ఇంకొకటి లేదు. ఇప్పుడు చివాయ్ పోలీస్ స్టేషన్ వెనక గదిలో, బంగాళదుంపల బస్తాల పక్కన పీట మీద కూర్చుని గజగజ వణుకుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ సతుర్నీనా ఓక్సా గడియారం చూసుకుంది. పన్నెండూ పది. నాలుగింటికి వీణ్ణి అరెకిపా జైలుకి తరలించమని పైనుంచి ఆర్డరు. ఈలోగా ఏదైనా దొరికిందా సరే. దొరక్కపోతే ఒక విదేశీయుణ్ణి నిర్లక్ష్యంగా అగాధంలోకి పంపిన గైడు అని రాసి ఫైలు కట్టేస్తారు. ఎనిమిదేళ్ళు తక్కువ పడదు.

పైగా వీడు పరాయివాడు కాదు. వీడి పుట్టువెంట్రుకలకి మొదటి కత్తెర వేసిన చెయ్యి ఆవిడదే. ఇక్కడ కత్తెర వేసిన మనిషికి కన్నతల్లి తర్వాతి హక్కు. అందుకే వాడు ఆవిణ్ణి మద్రీనా అంటాడు, పండగకి మొక్కజొన్న తెచ్చి పడేస్తాడు, జ్వరం వస్తే కబురు పెడతాడు. ఆ సంగతి స్టేషన్లో అందరికీ తెలుసు. తెలియకపోతే బాగుండేదని ఆవిడకి పొద్దున్నుంచి అనిపిస్తోంది.

"మూడింటికి అరెకిపాలో హోటల్ గుమ్మం ముందు ఎక్కాడు మద్రీనా. 'అక్సెల్ ట్రానె' అని పేరు చదివాను. చెయ్యెత్తాడు. పన్నెండో మనిషి, ఆఖరివాడు. అంతే."

"మొహం?"

"ఎక్కడ కనబడింది! ఉన్ని టోపీ, దానిమీద కోటు టోపీ, ముక్కు దాకా మఫ్లరు. తెల్లారాక నల్లద్దాలొకటి. కొండ ఎత్తు పడటం లేదు కాబోలనుకున్నా. అట్లాంటివాళ్ళు రోజూ ఒకరిద్దరు తగులుతారు. వెనక సీట్లో ముడుచుకుని పడుకున్నాడు."

"మాట్లాడాడా?"

"ఓకే అన్నాడు. రెండుసార్లు."

"తర్వాత?"

"అయిదూ నలభైకి పతపంపా కనుమ మీద ఆపాం. అందరిచేతా రాళ్ళు పెట్టించాను. ఆరున్నరకి ఇక్కడ చివాయ్‌లో టిఫిను. ఆయన దిగలేదు, టీ కూడా వద్దన్నాడు. ఎనిమిదీ పదికి లోయ అంచున కాండోర్ శిలువ దగ్గరికి చేరాం. గద్దలు లేచే వేళ. యాభై నిమిషాలు తిరగండి, గోడ దాటొద్దు అని మూడుసార్లు చెప్పాను మద్రీనా, మూడుసార్లు! ఎనిమిదీ నలభైకి ఇటలీ ముసలావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. ఆక్సిజన్ సీసా కోసం వ్యాన్ దగ్గరికి పరిగెత్తా. తొమ్మిదింటికి తలలు లెక్కపెడితే పదకొండు." వాడు మళ్ళీ ముక్కు తుడుచుకున్నాడు. "గోడ అవతల రాతి అంచున ఆయన కోటు, కెమెరా. కింద వెయ్యి మీటర్ల లోతు. నేనే చంపానంటున్నారు. అమ్మకి ఎవరైనా చెప్పారా?"

"చెప్పారు. ఏడుస్తోంది. నువ్వూ ఏడిస్తే ఇద్దరిదీ తుడవడానికి నాకు టైం లేదు. కనుమ మీద ఏం చేయించావ్? వివరంగా."

"రోజూ చేయించేదేగా. తలా గుప్పెడు కోకా ఆకులిచ్చాను. మూడు మంచివి ఏరి, రాయి కింద పెట్టి, కొండకి చెప్పుకోమన్నాను. పాపం, వాళ్ళకేం తెలుసు! ఒకాయన సగం నమిలేసినవి పెట్టాడు. ఒకమ్మాయి గుప్పెడూ కుక్కింది." మెలితోన్ మొహంలో కొద్దిగా నవ్వు తిరిగింది. "ఈయనది మాత్రం ముచ్చటగా ఉంది. చేతితొడుగులు తీసి మరీ ఏరాడు. చిల్లుల్లేనివి, చిరగనివి. మూడూ ఒక్కవైపుకే తిప్పి పట్టుకున్నాడు. నేనింకా ఆ ముక్క చెప్పనేలేదు. భలే అని వీపు తట్టబోతే పక్కకి తప్పుకున్నాడు."

సతుర్నీనా దవడ ఆడటం ఆగిపోయింది. బుగ్గన ఉన్న కోకా ఉండని ఇంకో బుగ్గకి మార్చింది.

"చేతులెట్లా ఉన్నాయ్?"

"చీకటి మద్రీనా. వ్యాన్ లైట్ల వెలుగులో రంగు ఎవడు చూశాడు? ఒక చేతికి బొటనవేలి గోరు లేదు. అది మాత్రం గుర్తుంది."

"ఈ సంగతి ఇంకెవరికి చెప్పావ్?"

"సార్జెంట్ విల్బెర్ రాసుకున్నాడు. ఆ గని ఆయన అడిగితే కాగితం చూపించాడు."

బయట హారన్ మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గని ఆయనే.

అనీబల్ లందా స్టేషన్ లోపలికి రాడు. పొద్దున పదీ పావుకి వచ్చినప్పట్నుంచీ జీపులోనో వరండాలోనో కాలక్షేపం. లోపల బంగాళదుంపల కంపట. పొడుగుమనిషి, ఖరీదైన తోలు చేతితొడుగులు, బూట్లకి పాలిష్. సాన్ హిలారియో గని రక్షణ వ్యవహారాలన్నీ అతనివే. తప్పిపోయిన అక్సెల్ ట్రానె ఆ గని అతిథి. డెన్మార్క్ నుంచి వచ్చి, గని దిగువన పారే ఏటినీళ్ళని మూడు వారాలు పరీక్షించిన ఇంజనీరు. సోమవారం అరెకిపాలో ఆ ఫలితాలు చదవాలి. ఇవాళ శనివారం. మధ్యలో ఒక్కరోజు ఖాళీ దొరికిందని కేన్యన్ చూడ్డానికి టికెట్ కొనుక్కున్నాడు.

"ఏం మేడమ్, అయిందా మీ అబ్బాయికి ఓదార్పు?" అన్నాడు లందా వరండా స్తంభానికి ఆనుకుని. "ఇది పోలీసు కేసో, బంధువుల పంచాయితీయో నాకు అర్థం కావడం లేదు."

"అర్థం కాకపోతే దూరంగా ఉండండి. మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"మా అతిథి చచ్చిపోతే ఒకరు పిలవాలా?"

"చచ్చిపోయాడని మీకెవరు చెప్పారు? శవం దొరకలేదు. రక్తం బొట్టు లేదు. కోటు దొరికింది. ఆ చలిలో కోటు విప్పేసి కిందికి దూకేవాణ్ణి నేనింతవరకు చూడలేదు."

"ఫోటో కోసం విప్పుంటాడు."

"కెమెరా పక్కన పెట్టేసి ఫోటోనా?"

లందా పళ్ళు కొరికాడు. "చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. ఆ కుర్రాడు గోడ దాటనిచ్చాడు, ఆయన జారాడు. రెండే ముక్కలు. మీరు దీన్ని సాగదీసినకొద్దీ మీ పిల్లాడికే నష్టం. నిర్లక్ష్యం అంటే ఎనిమిదేళ్ళు. ఇంకేదో ఉందని మీరు తవ్వితే హత్య అంటారు. అప్పుడెన్నేళ్ళో మీకు నేను చెప్పాలా?"

మాటకి మాట వచ్చేది ఆవిడ నోటికి. కానీ ఈసారి మింగేసింది. "మీరు అరెకిపాలో ఎన్నింటికి బయల్దేరారు?" అని మామూలుగా అడిగింది.

"ఏడింటికి. మధ్యాహ్నం ఆయనతో కలిసి భోంచేద్దామనుకున్నాం. తొమ్మిదిన్నరకి కనుమ దాటాను. ఇక్కడికి వచ్చేసరికి ఈ వార్త."

"లీమావారా మీరు?"

"పుట్టిందీ పెరిగిందీ సముద్రం ఒడ్డున. మీ ఎత్తు నాకు ఊపిరాడనివ్వదు. మీ మేకమేతా నాకు పడదు," అన్నాడు ఆవిడ బుగ్గవైపు చూస్తూ.

"నేను కనుమ మీదికి వెళ్తున్నాను. స్టేషన్ జీపు వెతుకులాటకి పోయింది. మీ బండిలో తీసుకెళ్తారా?"

అతను స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు. "కనుమ మీదికా? మనిషి పడింది లోయలో కదా?"

"ముసలిదాన్ని. చాదస్తం."

"సరే పదండి. మీ కుర్రాణ్ణి తరలించడానికి కూడా బండి లేదంటున్నాడు సార్జెంట్. మా పికప్ ఇస్తాను, డ్రైవరూ ఉన్నాడు."

సతుర్నీనా తల ఊపింది. ఆ తల ఊపినందుకు తర్వాత తన్ను తాను తిట్టుకోని రోజు లేదు.

*

ఒంటిగంటా నలభైకి పతపంపా మీద దిగారు. దాదాపు అయిదు వేల మీటర్ల ఎత్తు. మామూలుగా ఈ వేళకి తిరుగు వ్యాన్లతో కిటకిటలాడుతుంది. ఇవాళ వాటన్నిటినీ లోయలోనే ఆపేశారు. మంచు కమ్ముకుని ఇరవై అడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. రోడ్డు పక్కన ఉన్ని దుప్పట్లు అమ్మే ఆడవాళ్ళు నలుగురు మూటల మీద కూర్చుని దారం వడుకుతున్నారు.

జీపు దిగి పది అడుగులు వేసేసరికి సతుర్నీనా గుండె దడదడలాడింది. మోకాళ్ళు సరేసరి, పొద్దున్నుంచే సహాయ నిరాకరణ. లందా మాత్రం ఆవిణ్ణి దాటుకుంటూ తాపీగా పైకి నడిచాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఊపిరి బాగానే ఆడుతోంది.

"ఏం గుమెర్సిందా అక్కా, బేరాలున్నాయా?" అంది కొండవాళ్ళ భాష కెచువాలో.

"బేరాలా, నా శ్రాద్ధమా!" అంది దుప్పట్ల గుమెర్సిందా. "పొద్దున మీవాడి వ్యాన్ వచ్చిందే బేరం. వాడేం చేశాడే? చంపాడంటున్నారు. దోమని కొట్టడానికి కూడా వాడికి చేతులు రావు."

"అందుకే వచ్చాను. వాళ్ళ తర్వాత అరెకిపా నుంచి ఏ బండ్లు దాటాయి?"

"ఏ బండీ దాటలేదు. ఏడింటికి అవతలి మలుపులో సిమెంటు లారీ అడ్డంగా పడిపోయింది. పదకొండుకి గాని లేపలేదు. అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే. నాలుగు గంటలు ఈగలు కూడా లేవు."

తొమ్మిదిన్నరకి ఈ కనుమ ఎవరూ దాటలేదు. పదీ పావుకి చివాయ్‌లో ప్రత్యక్షమైన మనిషి అరెకిపా నుంచి రాలేదు. అప్పటికే లోయలో ఉన్నాడు; బండ్లు ముందే లోయకి తెప్పించి పెట్టుకుని ఉంటాడు.

ఆవిడ వెనక్కి తిరగలేదు. నాలుగడుగుల దూరంలో లందా జీపు అద్దం తుడుస్తున్నాడు. కెచువా రాని మనిషి. సముద్రం ఒడ్డున పుట్టానని చెప్పుకున్న మనిషి. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"మెలితోన్ వాళ్ళు ఎక్కడ పెట్టారు రాళ్ళు?" అని అడిగింది గొంతు మారకుండా.

"ఎప్పుడూ పెట్టేచోటే. ఆ పచ్చ బండ పక్కన."

పచ్చ బండ పక్కన వరసగా పన్నెండు చిన్న రాళ్ళగూళ్ళు. పొద్దుటివే, మంచు తడి తప్ప మట్టి పట్టలేదు. సతుర్నీనా మోకాళ్ళ మీద కూలబడింది. కొండకి ఇచ్చిన రాయి ఊరికే కదపకూడదు. ముందు తను మూడాకులు ఏరి, ఊది, క్షమించమని గొణిగి పక్కన పెట్టింది. అప్పుడు ఒక్కొక్కటే ఎత్తింది. మొదటి రాయి కింద ముక్కలైన ఆకులు. రెండోదాని కింద చాక్లెట్ కాగితంతో సహా. మూడోదాని కింద ఏమీ లేవు. అలా పదకొండు. పన్నెండోది అరచెయ్యంత పలక రాయి.

దానికింద మూడాకులు. నిండైనవి. పచ్చటి వీపులు పైకి. కొసలు మూడూ కలిసి పడమటికి.

ఆవిడ ఆ దిక్కుకి చూసింది. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. కానీ ఆ మంచు వెనక ఏ శిఖరం ఉందో ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. హువల్కా హువల్కా. దిగువ లోయలో కబనకొండె వాళ్ళ కొండ. వాళ్ళ నీళ్ళు దానివే, వాళ్ళ మొక్కులు దానికే. చివాయ్ వాళ్ళు కూడా ఆకులు అటు తిప్పరు. ఇక డెన్మార్క్ వాడు తిప్పుతాడా!

వ్యాన్ ఎక్కినవాడు అక్సెల్ ట్రానె కాదు. ట్రానె అసలీ లోయ మొహమే చూడలేదు. పొద్దున్నుంచి నలభై మంది తాళ్ళేసుకుని ఒక కోటు కోసం దిగుతున్నారు. ఆ పిచ్చి మెలితోన్ ఒక కోటు చచ్చిపోయిందని ఏడుస్తున్నాడు.

"దొరికిందా మీ చాదస్తం?" వెనకనుంచి లందా.

సతుర్నీనా పలక రాయి మళ్ళీ ఆకుల మీద మూసింది. లేవడానికి బండ పట్టుకుంది. భయమేసింది. నిజంగానే వేసింది. తుపాకీ ఉంది గానీ ఉన్ని కోటు కింద, ఇంకో స్వెట్టర్ కింద ఉంది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"ఏం లేదు. అంతా చెత్త," అంది. నడుముకున్న సంచి విప్పింది. ఆకులు రెండు దోసిళ్ళలోకి తీసి అతని ముందుకి చాపింది. "తల తిప్పుతోంది నాకు. మీకూ తిప్పుతుంది. తీసుకోండి."

ఒక చేత్తో తీసుకుంటే పనైపోయేది. వద్దంటే ఇంకా తేలిగ్గా పోయేది. కానీ ఎదటి మనిషి రెండు చేతులతో ఇస్తుంటే ఒక చేత్తో అందుకోవడం ఆ కొండల్లో పుట్టినవాడికి చేతకాదు. చెంపదెబ్బ తిన్న పిల్లలు నేర్చుకునే సంగతి అది. లందా చేతితొడుగులు తీసి చంకలో పెట్టుకున్నాడు. దోసిలి పట్టాడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు.

తర్వాత అతని వేళ్ళు వాటంతటవే కదిలాయి. చిరిగింది పక్కకి. చిల్లుది పక్కకి. మూడు నిలిచాయి. పచ్చటి వైపు పైకి తిరిగాయి. పెదవుల దగ్గరికి తెచ్చి మెల్లగా ఊదాడు. అప్పుడు ఆ గుడ్డి మంచులో, ఏమీ కనబడని చోట, ఆ మూడాకుల కొసలు తిన్నగా హువల్కా హువల్కా వైపు తిరిగాయి.

తిరిగాక అతను చూసుకున్నాడు. తన చేతుల్ని తనే చూసుకున్నాడు.

సతుర్నీనా తన సంచి మూతి బిగించింది.

"కబనకొండెలో ఎవరి అబ్బాయివి?" అంది సతుర్నీనా కెచువాలో.

"అది మీకెందుకు తల్లీ," అన్నాడు లందా కెచువాలోనే. దిగువ లోయ యాస, నిఖార్సైనది. గొంతులో లీమా ఒక్క రవ్వ లేదు. "అన్నం పెట్టలేని ఊరు. పద్నాలుగేళ్ళకి వదిలేశాను."

"ఊరిని వదిలావ్. దీన్ని వదల్లేకపోయావ్."

"మనిషి ప్రాణం తీసి కనుమ దాటుతున్నాను. చెప్పకుండా ఎట్లా దాటను?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ మూడూ నా కోసం కాదు. ఆయన కోసం పెట్టాను. శుక్రవారం సాయంత్రమే అయిపోయింది, అరెకిపాలో. మంచివాడు. ఆ నీళ్ళ లెక్క ఒక్కటి మార్చి రాయమన్నాను. వినలేదు."

"నువ్వేడుస్తున్నావ్, అక్కడ స్టేషన్లో నా పిల్లాడేడుస్తున్నాడు. ఎనిమిదేళ్ళు వాడెందుకు మొయ్యాలి?"

"మొయ్యడు," అన్నాడు లందా. కళ్ళు తుడుచుకున్నాడు. మొహం మళ్ళీ గని ఆఫీసరు మొహమైంది. "నాలుగింటికని మీ ఆర్డరు. ఒంటిగంటా పదికే బయల్దేరదీయమని సార్జెంట్‌కి నేను చెప్పి వచ్చాను. బొటనవేలి సంగతి వాడు కాగితం మీద చెప్పేశాడు మరి. మా డ్రైవర్ ఈ కనుమ దాటాక ఒక్కచోటే ఆపుతాడు. కుర్రాడు పారిపోబోయాడని రాస్తారు."

కిందనుంచి, చివాయ్ వైపు మలుపుల్లోంచి, బండి ఎక్కుతున్న మోత వినబడింది. రెండో గేరు. ఇంకో రెండు మలుపులు, మహా అయితే మూడు.

సతుర్నీనాకి వాడి తొలిజుట్టు గుర్తొచ్చింది, చిక్కులు పడి ఉన్ని ఉండలా ఉండేది. కత్తెర తగలగానే ఏడ్చి, తర్వాత ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయాడు.

"అక్కా!" అని అరిచింది. "రోడ్డుకి రాళ్ళు! బంద్ రోజున వేసినట్టు! నా మెలితోన్‌ని చంపడానికి తీసుకుపోతున్నారు!"

బంద్ అంటే ఆ ఆడవాళ్ళకి ఒకరు నేర్పాలా? కదుర్లు పారేశారు. గుమెర్సిందా ముందు, ముగ్గురూ వెనక, బుట్టల్లాంటి లంగాలు పైకి దోపి, రోడ్డు పక్క బండల్ని కాళ్ళతో దొర్లించేశారు.

"ఆపించండి," అన్నాడు లందా. అతని చేతిలో తుపాకీ ఉంది. చిన్నది, నల్లటిది. ఆవిడ ఛాతీకి సూటిగా. "తల్లీ, ఆపించండి. నేను మళ్ళీ ఇంకోసారి కొండకి చెప్పుకోలేను."

ఆవిడ వంగింది. పన్నెండో రాయి రెండు చేతులతో ఎత్తుకుంది. అతనికి వీపు చూపించి నడిచి, దాన్ని తీసుకెళ్ళి రోడ్డు నడిమధ్య పెట్టింది. ప్రతి అడుగుకీ తుపాకీ మోత కోసం ఎదురు చూసింది. మోగలేదు. కొండకి అతనే ఇచ్చిన రాయి అది మరి.

మంచులోంచి రెండు దీపాలు వచ్చాయి. బ్రేకులు కీచుమన్నాయి. తెల్ల పికప్ రాళ్ళకి అయిదడుగుల అవతల అడ్డం తిరిగి ఆగింది. వెనక కిటికీ అద్దానికి మొహం ఆనించి, బేడీలతో మెలితోన్. వాడు ముందు ఆవిణ్ణి చూశాడు. తర్వాత ఆవిడ భుజం మీదుగా, తొడుగుల్లేని ఆ చేతుల్ని చూశాడు.

"మద్రీనా!" వాడి అరుపు అద్దంలోంచి కూడా వినబడింది. "ఆయనే! ఆ వేలు! వ్యాన్ ఎక్కింది ఆయనే!"

తుపాకీ సతుర్నీనా వీపు మీంచి జరిగి కిటికీ వైపు తిరిగింది.

పొద్దున్నుంచి మొరాయిస్తున్న మోకాళ్ళు అప్పుడు మాత్రం మాట విన్నాయి. ఆవిడ మూడే అడుగులు వేసి, కిటికీకి వీపు ఆనించి, తుపాకీకి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పుకో కొండకి," అంది.